ఊపిరి పట్టీ

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నవాడెవడో గానీ, వాడు జలాంతర్గామి ఎక్కి ఉండడు. ఎక్కినవాళ్లకి మెత్తటి పరుపు ఇచ్చినా, చల్లటి గాలి ఇచ్చినా, మూడో నెల వచ్చేసరికి నిద్ర ముఖం చాటేస్తుంది. ఈ కొత్త రకం జలాంతర్గాములు ఆరేసి నెలలు నీటి అడుగునే ఉంటాయి. లోపల పగలూ లేదు, రాత్రీ లేదు. మనుషులు మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుంటారు, పనిలో కళ్లు తెరుచుకునే తూగుతారు. నిద్రమాత్రలు ఇస్తే మర్నాడు మొద్దుల్లా తిరుగుతారు. దీనికో దారి చూడమని విశాఖపట్నంలో సింధియా దాటాక ఉన్న మా ప్రయోగశాలకి అప్పగించారు. ఆ ప్రయోగశాలకి పెద్దని నేను. పేరు పేరిందేవి.

దారి నేను చూడలేదు, ఒక నావికుడి భార్య చూపించింది. ఎన్నో వారాలుగా సరైన నిద్రలేని మొగుడికి వైర్లన్నీ తగిలించి పడుకోబెట్టాం. ఆవిడ పక్కనే కుర్చీలో కూర్చుని, ఊరినుంచి బస్సులో వచ్చిన అలసటకి కునుకు తీసింది. తెర మీద ఇద్దరి ఊపిరి గీతలూ కాసేపు ఎడమొహం పెడమొహంగా నడిచాయి. తర్వాత అతని గీత ఆమె గీతని అందుకుంది. ఇంకాసేపట్లో అతను గుర్రు పెట్టాడు. ఇన్నేళ్ల చదువు చదివి నేను కనిపెట్టింది ఆ గుర్రే.

ఊపిరి పట్టీ అలా పుట్టింది. పక్కటెముకల మీద కట్టుకునే వెడల్పాటి గుడ్డపట్టీ. దాని లోపల సన్నటి తిత్తులు ఉంటాయి. మనం ఇంటి దగ్గర ఎవరి పక్కన పడుకుంటే ఒళ్లు కుదుటపడుతుందో వాళ్ల ఊపిరి చప్పుడు, ఆ ఊపిరి లయ రెండూ అది మన ఒంటికి అందిస్తుంది. కాకపోతే ఆ మనిషే కావాలి. పరాయివాళ్ల ఊపిరి ఎంత చక్కగా ఎక్కించినా ఒళ్లు ఒప్పుకోదు. మనసునైనా మభ్యపెట్టగలం గానీ ఒంటిని పెట్టలేం.

అందుకని ఒక పద్ధతి వచ్చింది. నీళ్లలోకి దిగబోయే ప్రతి నావికుడూ తన మనిషిని తీసుకుని మా దగ్గరికి వస్తాడు. ఇద్దరూ పక్కపక్క మంచాల మీద కొన్ని రాత్రులు పడుకుంటారు, మేం ఆ ఊపిరిని యంత్రంలో పడతాం. బయల్దేరే రోజున రేవులో అందరి ముందూ ఆ మనిషే తన చేత్తో పట్టీ కట్టాలి. ఎవరో మహాతల్లి మొదటిసారి నోము తోరం కట్టినట్టు మొగుడికి కట్టి దణ్ణం పెట్టుకుందట. నౌకాదళంవాళ్లకి అది నచ్చి, బ్యాండు మేళంతో సహా ఒక తంతు చేసేశారు. మైకులో పేరు పిలుస్తారు, మనిషి వస్తుంది, కడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. మనిషి అంటే ఎవరనేది కూడా రాసి పెట్టారు. భార్య, భర్త, తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ. అక్కడితో సరి.

మొట్టమొదటి పట్టీ నేనే కట్టుకుని పరీక్షించాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో రెండో ఊపిరి లేదు. ఎవరిది ఎక్కించుకోవాలో తోచక, పడగ్గది చప్పుళ్లన్నీ పట్టి ఒక్కొక్కటే వేసి చూశాను. నా ఒళ్లు దేనికి కుదుటపడిందంటే, సీలింగ్ ఫాను చప్పుడికి. ఇన్నేళ్లుగా నేను దానితో కాపురం చేస్తున్నానని అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ పట్టీ బల్ల సొరుగులో పడేశాను.

మజ్జి దాలినాయుడు మా దగ్గరికి వాళ్ల అక్కని తీసుకొచ్చాడు. అతను జలాంతర్గామిలో చెవులవాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నీటిలో చప్పుళ్లు వింటూ, పైన పోయేది ఏ ఓడో, ఎంత దూరంలో ఉందో చెప్పడం అతని పని. దళంలో అంత మంచి చెవి ఇంకోటి లేదని చెప్పుకునేవారు. ముప్ఫై దాటాయి, పెళ్లి మాట ఎత్తితే నవ్వేసి ఊరుకుంటాడట. అక్క నూకరత్నం రాజాం దగ్గర పల్లెనుంచి వచ్చింది. వచ్చిన రాత్రే మంచం ఎక్కి ఒళ్లు తెలియకుండా పడుకుంది. పాపం, ఇంటి దగ్గర ఆవిడకి ఆ మాత్రం నిద్ర కూడా ఉండదేమో. దాలినాయుడు మాత్రం తెల్లవార్లూ పైకప్పు చూశాడు. రెండు గీతలూ ఒకే బస్సులో కూర్చున్న పరాయివాళ్లలా ఎవరి దారిన వాళ్లు నడిచాయి.

ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మన్నాను. అతను పట్టీ వంక చూస్తూ, "నాకింకెవులూ నేరు మేడమ్" అన్నాడు. పక్కనున్న అక్క ముఖం తిప్పుకుంది. నియమం ప్రకారం అక్క చెల్లుతుంది. తర్వాతి రాత్రుల్లో గీతలు అత్తెసరుగా గట్టెక్కాయి. పట్టీ ఇచ్చి పంపాం.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్రయాణంలో అందరికన్నా బాగా నిద్రపోయినవాడు దాలినాయుడే. లోపలినుంచి వచ్చే నిద్ర లెక్కల్లో అతని గీత పసిపిల్లాడి నిద్రలా ఉండేది. నా అంచనా తప్పినందుకు సంబరపడ్డాను.

ఐదో నెలలో జలాంతర్గామి పైకి తేలబోయి ఒక చేపల బోటుని గుద్దింది. పైన ఏమీ లేదని చెవులవాడు చెప్పాకే పైకి రావాలి. పైన బోటు ఉంది, దాని ఇంజను నడుస్తోంది, చప్పుడు అతని చెవుల్లోకి వస్తూనే ఉంది. అంతకుముందు అడిగినప్పుడు ఏమీ లేదన్నవాడు, ఆ చప్పుడు మొదలయ్యాక మాట్లాడలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కుర్చీలో నిద్రపోయి ఉన్నాడు. పూడిమడక జాలర్ల బోటు అది. అందరినీ నీళ్లలోంచి తీశారు. సత్తెయ్య అనే ఆయన కుడిచెయ్యి మాత్రం వల తాడులో చిక్కుకుని నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది.

దాలినాయుడిని ఒడ్డుకి తెచ్చి కాపలాలో పెట్టారు. ముగ్గురు అధికారులతో కమిటీ వేశారు. నా దగ్గరికి అతని పట్టీ పంపి ఒకటే అడిగారు: ఈ పట్టీ మనుషుల్ని పనివేళ కూడా నిద్రపుచ్చుతోందా? పుచ్చుతోందంటే అన్ని పట్టీలూ తీసేస్తారు. పుచ్చడం లేదంటే తప్పు దాలినాయుడిది, పంపేస్తారు, పేరు మట్టిలో కలుస్తుంది.

పట్టీలో నూకరత్నం ఊపిరి లేదు. అది ఎవరో బరువైన మనిషి ఊపిరి, మగవాడిది. లోపలికి పీల్చాక ఒక క్షణం ఆగి, తొందరేమీ లేనట్టు వదులుతున్నాడు. శబ్దాలతో పనిచేసేవాడు కదా, మేం ఎక్కించింది తుడిచేసి తనకి కావలసింది ఎక్కించుకున్నాడు. ఊపిరి వెనకాల ఇంకేదో టకటకా కొట్టుకుంటోంది. మొదట పట్టీలో లోపం అనుకున్నాను. విని విని చెవులు నొప్పెట్టాయి గానీ అదేమిటో అర్థం కాలేదు.

ఇంటికెళ్లి పడుకున్నాక కరెంటు పోయింది. ఫాను ఆగిన క్షణాన నాకు టక్కున మెలకువ వచ్చింది. అప్పుడు తట్టింది. నాకు ఫాను ఎలాంటిదో అతనికి ఆ టకటక అలాంటిది.

మర్నాడు కాపలా గదికి వెళ్లి, పట్టీలోది మీ అక్క ఊపిరి కాదు అన్నాను. అతను తల దించుకుని కాదన్నాడు. మరి వెనకాల ఆ చప్పుడేమిటని అడిగాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం తేలికనిపించిందేమో, తలెత్తాడు.

"రెండు సిలిండర్ల డీజిలింజను మేడమ్. గేరు పడ్లేదు. ఊరికే తిరుగుతుంది."

తర్వాత మిగతాది చెప్పాడు. చోడిపల్లి ఎల్లాజీ అని, చేపల రేవులో బోటు డ్రైవరు. ఒకసారి ఎల్లాజీ బోటు ఇంజను రేవు కాలవ సముద్రంలో కలిసే మొగలో ఆగిపోతే దళం లాంచీ తాడేసి లాక్కొచ్చింది. ఆ తాడు అందించినవాడు దాలినాయుడు. అది జరిగి ఆరేళ్లైంది. దాలినాయుడు ఉండేది బారకాసులో. ఎల్లాజీ ఇల్లు ఒకటే గది, అందులో తల్లీ ఇద్దరు తమ్ముళ్లూ. లాడ్జిలో గది అడిగితే కార్డులు చూపించమంటారు, దళం కార్డు అక్కడ రాయించడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమే. మగవాళ్లిద్దరు కలిసుంటే నేరమనే చట్టం బయట ఊళ్లో ఎప్పుడో పోయినా, దళానికి దాని చట్టం దానికి ఉంది. అందుకని సెలవొచ్చినప్పుడల్లా వాళ్లిద్దరూ బోటు మీదే పడుకునేవారు. లంగరు వేసినా, దీపాలకోసం, నీళ్లు తోడే పంపుకోసం ఇంజను నడుస్తూనే ఉండేది. ఆ చప్పుడు మధ్యే దాలినాయుడు తన ఫోనులో ఎల్లాజీ ఊపిరిని పట్టుకున్నాడు.

ఆ ఇంజను లేకుండా వాళ్లిద్దరూ ఒక్క రాత్రి కూడా కలిసి నిద్రపోలేదు. అతని ఒంటికి ఆ ఊపిరీ ఆ ఇంజనూ ఒకటే అయిపోయాయి. పట్టీ నెలల తరబడి రోజూ ఆ పాఠమే చదివించింది. ఆ రోజు అలాంటి ఇంజనే తల మీదకి వస్తే, చెవి చెప్పేలోపే ఒళ్లు ఎల్లాజీ వచ్చాడనుకుని నిద్రపోయింది.

ఇదంతా కమిటీకి చెబితే అలక్ష్యం కాదని తేలుతుందని అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "పనిలో తొంగున్నాడని పంపీస్తే నా ఒక్కడి పరువే పోతాది. ఇది సెప్తే ఎల్లాజీ రేవులో తిరగ్గల్డా మేడమ్?" అన్నాడు. చెప్పినా ఉద్యోగం ఉండదని ఇద్దరికీ తెలుసు, ఆ చట్టం ప్రకారం పంపేస్తారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నీ మాట నీది, నీ బదులు నేను చెప్పనని మాటిచ్చాను. ఎల్లాజీని అడిగి రమ్మంటే మాత్రం వెళ్తానన్నాను. చివరికి ఒప్పుకున్నాడు.

చేపల రేవులో ఎల్లాజీని పట్టుకోవడం కష్టం కాలేదు. బోటు అడుగున ఇంజను పక్కన గ్రీసు చేతులతో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. అతను మాట్లాడకముందే ఊపిరి గుర్తుపట్టాను. జరిగింది చెప్తుంటే విన్నాడు. ఇంజను సంగతి వచ్చాక చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.

"సత్తెయ్య మాంవ చెయ్యి పోయింది ఈ సప్పుడుకా?" అన్నాడు. గ్రీసు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఐసు బండ్లు పోయాయి, కాకులు చేపలకోసం కొట్టుకున్నాయి. నేనిక లేద్దామనుకుంటుండగా అన్నాడు: "సెప్పీమనండమ్మా. నా పేరెట్టే సెప్పీమనండి. మేం దాక్కోబట్టి మా వోడి చెయ్యి పోయింది. ఇంకా నాకు పరువేటి?"

కమిటీ ముందు దాలినాయుడికి వైర్లు తగిలించి రకరకాల ఇంజన్ల చప్పుళ్లు వినిపించాను. పెద్ద ఓడలు, లాంచీలు, తుఫాను, దేనికీ గీత చలించలేదు. రెండు సిలిండర్ల డీజిలింజను వేసేసరికి కళ్లు వాటంతటవే వాలిపోయాయి. అధ్యక్షుడిగా ఉన్న తెల్లజుట్టు అడ్మిరల్ దగ్గరికొచ్చి అతని ముఖంలోకి వంగి చూశాడు. తర్వాత లేపి, పట్టీలోది ఎవరి ఊపిరని అడిగాడు.

"చోడిపల్లి ఎల్లాజీది సార్."

అతను నీకేమవుతాడని అడిగాడు. దాలినాయుడు అప్పటిదాకా హిందీలో చెబుతున్నాడు. తల్లి, తండ్రి, తోబుట్టువు, ఆ వరసలో ఏదీ సరిపడలేదు కాబోలు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి వచ్చేశాడు.

"నాను ఒడ్డుకొస్తే ఆడి కాడికి ఎల్తాను సార్."

పక్కనున్న అధికారి తర్జుమా చెయ్యబోయాడు. అడ్మిరల్ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఎత్తాడు.

నిద్రపోవడం దాలినాయుడి తప్పు కాదని తీర్పు వచ్చింది. అదే రోజున ఇంకో కాగితం మీద అతన్ని దళంనుంచి తీసేశారు. నిద్రపోయినందుకు కాదు, ఎవరి పక్కన నిద్రపోతాడో చెప్పినందుకు.

అతను రేవులోనే ఏదో పని చూసుకున్నాడని విన్నాను. కొన్నాళ్లు ఎల్లాజీతో ఎవరూ మాట్లాడలేదట, బోటు కూడా మారాల్సి వచ్చిందట. మాట్లాడినవాడు ఒక్క సత్తెయ్యేనట. తిట్టడానికే అనుకోండి, కానీ ఇంటికి పిలిచి, చేపల పులుసు పెట్టి మరీ తిట్టాడట.

ఇక్కడ నా గదికి ఒక్కొక్కరే రావడం మొదలైంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, మేడమ్ నా పట్టీలోది కూడా వేరే మనిషిది అనేవారు. భార్య పేరు రాసి భార్యది పెట్టనివాళ్లు కొందరు, అన్న పేరు రాసి అన్నది పెట్టనివాళ్లు కొందరు. ఇంజన్ల విభాగంలో పనిచేసే ఒక ఆడ అధికారి ఉంది, ఉరిమి చూస్తే మగ నావికులు వణుకుతారు. ఆవిడ నా ఎదురుగా కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. చెల్లెలి పేరు మీద వేరే మనిషి ఊపిరి తీసుకెళ్లింది ఆవిడ కూడా.

అడ్మిరల్ దగ్గరికి వెళ్లాను, ఎవరి పేరూ చెప్పలేదు. పట్టీలో ఏ చప్పుడు ఉందో మాకు తెలియకపోతే ఆ మనిషి ఒళ్లు ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేమని, పట్టీలో ఒక్కో అబద్ధం జలాంతర్గామికి ఒక్కో చిల్లని చెప్పాను. మీరు చిల్లులు పూడుస్తారా, నిజం చెప్పినవాళ్లని సముద్రంలో పారేస్తారా అని కూడా అన్నాను. ఆ గదిలో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

ఆ తర్వాతి ఏడాది దళం చట్టం మారింది. ప్రేమ మీద గౌరవంతో అని నేను అబద్ధం చెప్పను, జలాంతర్గామి మునగకూడదని మార్చారు. నావికుడు ఎవరి పేరు చెబితే వాళ్లే అతని మనిషి, ఏమవుతారని ఎవరూ అడగరాదు, ఆ కారణంగా ఎవరినీ తీసేయరాదు అని ఉత్తర్వు వచ్చింది. తీసేసినవాళ్లని వెనక్కి పిలిచారు. దాలినాయుడూ వచ్చాడు. వినే పని మాత్రం మళ్లీ ఇవ్వలేదు, గాలి శుభ్రం చేసే యంత్రాల దగ్గర వేశారు. అంత మంచి చెవి వృథా అయిపోయింది.

ఇద్దరూ మా దగ్గరికి ఊపిరి పట్టించుకోవడానికి వచ్చారు. నిజమైన మంచాలు, తెల్లటి దుప్పట్లు, లోపల గడియ పెట్టుకునే గది. మొదటి రాత్రి ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. రెండో రాత్రీ అంతే. పొద్దున్న గీతలు చూసి నేనూ తల పట్టుకున్నాను. ఎల్లాజీ సిగ్గుపడుతూ, ఇంజను లేదు కదమ్మా, ఏదో ఆగిపోయినట్టు ఉలిక్కిపడి లేచిపోతున్నాం అన్నాడు. ఇంజను పెడతానంటే దాలినాయుడే వద్దన్నాడు. వారం గడిచాక, ఒక పొద్దున్న తెర చూస్తే, రెండు గీతలూ ఎక్కడో ఒకచోట కలుసుకుని తెల్లవారేదాకా ఒక్కటిగానే నడిచాయి. నేల మీద వాళ్ల మొదటి నిద్ర అది. ఆ గీతని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

బయల్దేరే రోజున రేవులో మైకు ఎల్లాజీ పేరు పిలిచింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అప్పటిదాకా మోగుతున్న చప్పట్లు ఆగాయి. కొందరు నేల చూశారు, వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పట్టీకి బకిల్ ఉంటుంది, అది పెడితే చాలు. తాళ్లకి అలవాటుపడిన ఎల్లాజీ వేళ్లకి అది లొంగలేదు. రెండు కొసలూ కలిపి వల తాడుకి వేసే ముడి వేసేశాడు. నూకరత్నం వరసలోంచి గట్టిగా, "అంత బిగించీసేవేట్రా, ఆడికి ఊపిరాడొద్దా?" అంది. అప్పుడు కొందరు నవ్వారు, మామూలు నవ్వు. ఆ నవ్వులో ఒకటో రెండో చప్పట్లు కూడా వినిపించాయి. వరస చివర ఆ ఆడ అధికారి నిలబడి ఉంది, పక్కన పొడుగు జడ ఆవిడ ఒకరు. వాళ్లవంతు ఇంకా రాలేదు.

రెండు నెలల తర్వాత ఎల్లాజీ ప్రయోగశాలకి వచ్చాడు. కళ్లు లోపలికి పోయాయి, గడ్డం మాసింది. బోటు ఇంజను వేసుకుని పడుకున్నా పట్టడం లేదన్నాడు. ఇదివరకు దాలి వెళ్లినా ఇంజను చప్పుడుకి ఎలాగో పట్టేసేదట. ఈ గదిలో నిశ్శబ్దంగా పడుకోవడం నేర్చుకున్నాక అదీ పోయిందట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నాలో నేను అనుకున్నాను.

"ఎల్లినోడికి నా ఊపిరిచ్చేరు. ఉండిపోయినోడికి ఎవులిది ఇస్తారమ్మా?" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మాట నాకు తట్టలేదు. నావికుల నిద్ర గురించే నా జీతం. రేవులో చప్పట్లు కొట్టి ఇళ్లకి వెళ్లిపోయే భార్యలూ తల్లులూ ఆ రాత్రి ఏం చేస్తారో ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. దాలినాయుడి ఊపిరి నా దగ్గర ఉంది, ఇద్దరిదీ కలిపే పట్టాం కదా. పట్టీ మాత్రం లేదు. పట్టీలన్నీ దళం సొత్తు, ఒడ్డున ఉన్నవాళ్లకి ఒక్కటి కూడా ఇవ్వకూడదు.

దళం సొత్తు కాని పట్టీ ఒకటే ఉంది. బల్ల సొరుగు తీశాను. నేను కట్టి చూసుకున్న మొదటి పట్టీ, దళం లెక్కల్లోకి ఎక్కనిది, గుడ్డ కాస్త పసుపెక్కింది. దానిలోని ఫాను చప్పుడు తుడిచేసి దాలినాయుడి ఊపిరి ఎక్కించాను. ఎల్లాజీ చొక్కా మీదనే కట్టుకుని చూసుకున్నాడు. కాసేపటికి ఆ కుర్చీలోనే అతని తల పక్కకి వాలింది. అంత భారీ మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని, లోపలికి పీల్చాక ఒక క్షణం ఆగి, తొందరేమీ లేనట్టు ఊపిరి వదులుతున్నాడు. అందరూ వెళ్లిపోయేదాకా అతన్ని లేపలేదు. అతను లేచి వెళ్లాక గదికి తాళం వేసి ఇంటికి వెళ్లి, అన్నం తిని, ఫాను వేసుకుని పడుకున్నాను.